ఒకే సీటుకు రెండు అవునులు

నేను ఒక సర్వరును. హోటల్లో ఇడ్లీ ప్లేటు తెచ్చిపెట్టే సర్వరును కాను. ఆ మనిషికి ఒకే ప్లేటును ఒకేసారి ఇద్దరి ముందు పెట్టడం చేతకాదు. నాకు చేతనైంది. దానివల్ల ఒక ఆడపిల్ల దొంగ అనిపించుకుంది. ఒక పెద్దమనిషి నా పేరు అడ్డం పెట్టుకుని చాలాకాలం దర్జాగా బతికాడు. ఆ పిల్ల పెద్దదై తిరిగొచ్చి కసి తీర్చుకుంది. ఈ కథ చెప్పవలసింది ఆమే. ఆమెకు అంత తీరిక లేదు, నాకు ఇప్పుడు తీరిక తప్ప ఇంకేమీ లేదు.

చెన్నై అవతల ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. గుండెకాయ ఒక దేశానిది, జ్ఞాపకం ఇంకో దేశానిది, పైన తొడిగిన నల్ల రేకు మాత్రం మనదే. థర్మోకోలులో చుట్టి, లారీ ఎక్కించి రాజమండ్రి పంపారు. అక్కడ పశువైద్యం, చేపల పెంపకం వంటి చదువులు చెప్పే ఒక విశ్వవిద్యాలయం ఉండేది. దాని పేరు చెప్పను. నన్ను అద్దాల గదిలో ఏసీ కింద కూర్చోబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సరిగ్గా నా ముందే కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు లోపల పడితే చచ్చిపోతానని అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఏటా జరిగే సీట్ల కౌన్సెలింగ్ నా ఉద్యోగం. ఏ కాలేజీలో ఏ సీటు ఎవరిదో రాసి ఉంచే డేటాబేస్ నా లోపలే ఉండేది. కాకినాడలో, భీమవరంలో కౌంటర్లు ఉండేవి. అక్కడ కూర్చున్న ఆపరేటర్లు తీగల మీదుగా నన్ను అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. ఎలా చెప్పాలో నేర్పిన ప్రోగ్రాం మాత్రం కౌన్సెలింగ్ కన్వీనరు పద్మనాభయ్యగారి మేనల్లుడి కంపెనీ రాసింది. అందులో ఉన్నది ఇంతే. ముందు సీటు ఖాళీగా ఉందేమో చూడు. ఉంటే, ఆ తర్వాత పేరు రాయి. చూడడానికీ రాయడానికీ మధ్య ఒక సందు. మనుషుల కంటికి అది ఆనదు. నాకు మాత్రం ఎడ్లబండి తోలుకుపోయేంత దారి.

చోడిపల్లి నూకరత్నం ఆ సందులో పడింది.

ఆమె తండ్రి సోమన్న పిఠాపురంలో పశువుల ఆసుపత్రి అటెండరు. డాక్టరుగారు సూది వేస్తుంటే గేదె కొమ్ములు పట్టుకునేవాడు. ఆయన పక్కనే తోక పట్టుకుని పెరిగిన పిల్ల రత్నం. ఆ సూది తానే వేసే రోజు రావాలని చదివి, మంచి ర్యాంకు తెచ్చుకుంది. కాకినాడ కౌంటరు ముందు ఆమె వంతు వచ్చేసరికి పశువైద్యంలో ఒకే ఒక్క సీటు మిగిలింది. ఆపరేటరు ఎస్తేరమ్మ నన్ను అడిగింది. చూశాను, ఖాళీగా ఉంది. ఉందన్నాను. రత్నం పేరు ఇంకా రాయకముందే భీమవరం నుంచి దినకర్ అనే కుర్రవాడి కోసం అదే ప్రశ్న వచ్చింది. చూశాను, ఇంకా ఖాళీగానే ఉంది. ఉందన్నాను. తర్వాత రత్నం పేరు రాసి కాకినాడకు కబురు పంపాను. ఆ వెంటనే అదే గడిలో, ఆమె పేరు చెరిగిపోయేలా, దినకర్ పేరు రాసి భీమవరానికి కబురు పంపాను. రెండు ఊళ్ళలోనూ రెండు సీటు కాగితాలు ప్రింటరు నుంచి వెచ్చగా బయటకొచ్చాయి.

సోమన్న ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, కాజాలు కొనుక్కొచ్చి కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళందరికీ పంచిపెట్టాడట. ఎస్తేరమ్మ తర్వాతెప్పుడో చెప్పుకుంటుంటే విన్నాను.

కాలేజీలో చేరడానికి వెళితే అక్కడి జాబితాలో రత్నం లేదు. తండ్రీకూతుళ్ళు రాజమండ్రి వచ్చారు. పద్మనాభయ్యగారి గది నా అద్దాల గదిని ఆనుకునే ఉండేది. నా చల్లగాలి తనకూ తగలాలని ఆయన మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచేవారు.

“మాకు కాకినాడలో ఇచ్చారండి. ఇదిగోండి కాయితం,” అన్నాడు సోమన్న.

ఆయన కాగితం అందుకోలేదు. నా దగ్గర చూడమని మనిషిని పంపారు. నా దగ్గర దినకర్ ఉన్నాడు.

“సిస్టమ్ అబద్ధం చెప్పదమ్మా, మనుషులు చెబుతారు. ఇది ఎక్కడ కొట్టించావు?” అని అడిగారు రత్నాన్ని.

“ఎక్కడా కొట్టించలేదండి. మీ కౌంటర్లో ఇచ్చిందేనండి.”

“చదువుకోవలసిన పిల్లవి. ఒప్పేసుకుంటే పోలీసుల దాకా పోదు.”

“చెయ్యంది ఎలా ఒప్పుకుంటానండి?”

ఎస్తేరమ్మను కాకినాడ నుంచి పిలిపించారు. ఆమె వచ్చి, తడుముకోకుండా, “ఆ కాయితం నేనే తీసి ఇచ్చానండి. స్క్రీన్ మీద ఇచ్చినట్టే చూపించింది,” అంది. “అయితే ఇందులో నువ్వూ ఉన్నావన్నమాట,” అన్నారు ఆయన. ఆమె కాంట్రాక్టు ఉద్యోగం ఆ సాయంత్రానికే పోయింది. రత్నాన్ని పోలీసులు చిన్నపిల్ల అని మందలించి వదిలేశారు గాని, మూడేళ్ళపాటు ఏ కౌన్సెలింగుకూ రాకూడదని విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇచ్చింది.

నాకు అడిగితేనే చెప్పే నోరు. దినకర్ పేరు కింద ఇంకో పేరు చెరిగిందా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు వరండాలో తగిలింది. సోమన్న కూతురి భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, “నిజం చెప్పు తల్లీ. నేనేం అనను. ఆ కాయితం ఎక్కడ చేయించావు?” అని అడిగాడు. రత్నం భుజం మీది చేతిని తీసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కౌన్సెలింగ్ లేకుండా చేర్చుకునే చదువు ఊళ్ళో ఒకటే దొరికింది. డిగ్రీలో కంప్యూటర్లు. ఆమె దాన్ని ఇష్టపడి చదవలేదు. ఆ అద్దాల గదిలో ఏం జరిగిందో తెలుసుకోవాలని చదివింది. పశువుల డాక్టరు కావలసిన పిల్ల డేటాబేసుల డాక్టరు అయింది. ఎక్కడ ఏ కంపెనీలో లెక్క తప్పినా, రెండు పనులు ఒకదాన్నొకటి తొక్కుకున్నా, హైదరాబాదులో ఆమెనే పిలిచే స్థితికి వచ్చింది. ఇంటికి నెలనెలా డబ్బు పంపేది, ఫోన్లో తండ్రి ఆరోగ్యం కనుక్కునేది. వరండాలో అడిగిన ప్రశ్న ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఇక్కడ పద్మనాభయ్యగారు డీను అయ్యారు, ఆ పైన రిజిస్ట్రారు అయ్యారు. సభల్లో ‘మా సిస్టమ్’ అని నా గురించి గొప్పలు చెప్పేవారు. నా లోపలి సామాను మార్చారు గాని ప్రోగ్రాం మార్చలేదు. అడపాదడపా ఆ సందులో ఇంకొందరు పడ్డారు. సిఫార్సు ఉన్నవాళ్ళకు అదనపు సీటు పుట్టేది. లేనివాళ్ళు ఏడుస్తూ పోయేవారు. చివరికి ఒక ఏడాది ఒకే సీటుకు కాగితాలు పట్టుకొచ్చిన ఇద్దరి వెనకా గట్టివాళ్ళే ఉన్నారు. అప్పుడు మాత్రం అందరికీ నా మీద అనుమానం వచ్చింది. బయటి కంపెనీ చేత పరీక్ష చేయించమని ప్రభుత్వం చెప్పింది.

హైదరాబాదు నుంచి వచ్చింది రత్నమే. ఆ పని తనకు కావాలని కంపెనీలో పట్టుబట్టి మరీ వచ్చింది.

రిజిస్ట్రారుగారు ఆమెను గుర్తుపట్టలేదు. ‘రత్నం మేడం’ అని కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. ఆయన పేరు వైస్ ఛాన్సలర్ పదవికి పరిశీలనలో ఉంది. మాటలో తేనె కారుతోంది.

నాలుగు రోజులు ఆమె నన్ను విప్పి చదివింది. ఆ తర్వాత ఆయన వచ్చి అడిగారు. “అసలు జబ్బేమిటమ్మా?”

“బస్టాండులో బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు చూసుకుంటాం కద సార్. చూసి ఊరుకుంటే, తలుపు దగ్గర జనాన్ని తోసుకుని ఎక్కేసరికి ఇంకొకరు కూర్చునుంటారు. అందుకని చూసినప్పుడే తువ్వాలు వేసేస్తాం. మీ ప్రోగ్రాం చూస్తుంది, తర్వాతెప్పుడో కూర్చుంటుంది. మధ్యలో తువ్వాలు లేదు.”

“అంతేనా? వేసేయండి తువ్వాలు. రిపోర్టులో మాత్రం, ఇంతవరకూ ఎవరికీ అన్యాయం జరగలేదని ఒక ముక్క రాయండి.”

“అలాగే సార్,” అంది రత్నం. 

అసలు డేటాబేసును ముట్టుకోకుండా దానికి ఒక నకలు తీసి, ఆ నకలు మీద మొదట తువ్వాలు వేసి చూసింది. అంటే ఒక కౌంటరు సీటును చూసిన క్షణం నుంచి పేరు రాసేదాకా దానికి తాళం. ఈలోపు ఇంకెవరు అడిగినా ఆగవలసిందే. బాగానే ఉందనుకునేసరికి నేను బిగుసుకుపోయాను. పరీక్షకని ఆమె పెట్టిన ఉత్తుత్తి పేర్లలో, చేపల చదువులో సీటున్న ఒకడు పశువైద్యానికి మారాలన్నాడు, పశువైద్యంలో ఉన్న ఇంకొకడు చేపలకు మారాలన్నాడు. ఇద్దరూ తమ సీటు మీద తువ్వాలు తీయకుండా ఎదుటివాడి సీటు కోసం నిలబడ్డారు. వదిలేస్తే యుగాంతం దాకా అలాగే నిలబడేవారు. రత్నం విసుక్కోలేదు. ఎవరు ఎటునుంచి ఎటు మారినా తాళాలు మాత్రం ఒకే వరుసలో వేయాలని నియమం పెట్టింది. ముందు చేపలు, తర్వాత పశువులు. దాంతో రెండోవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగాడు, ముడి పడలేదు. ఆ పైన ఒక సీటుకు రెండో పేరు రాయబోతే గడే ఒప్పుకోకుండా చేసింది. వెనకబడ్డ మనిషికి ‘సీటు అయిపోయింది, ఇంకోటి కోరుకో’ అని మొహం మీదే నిజం చెప్పేలా చేసింది.

అంతా కుదిరింది. మర్నాడు మధ్యాహ్నం అసలు డేటాబేసులోకి ఎక్కించింది. సాయంత్రానికి తీసేసింది. మళ్ళీ ఆ పాత ప్రోగ్రామే.

ఎస్తేరమ్మ ఇప్పుడు కాకినాడలో కోర్టు గేటు దగ్గర జిరాక్స్ కొట్టు నడుపుతోంది. సాక్ష్యానికి రత్నమే రమ్మని పిలిచింది. వచ్చి, సంగతి విని, “కుదిరినదాన్ని తీసేశావా? ఎందుకు?” అంది.

“పేలనీ అక్కా. వచ్చే వారం కౌన్సెలింగ్. టీవీలవాళ్ళు ఉంటారు, మంత్రి ఉంటాడు. రిజిస్ట్రారు చేతుల్లోనే పేలనీ. అప్పుడు దొంగ అని ఎవర్నంటాడో చూస్తాను.”

“ఎవర్నంటాడో నీకు తెలీదా? కౌంటరు ముందు నిలబడ్డ పిల్లనే అంటాడు.”

రత్నం మొహం తిప్పుకుని తెర వైపు చూసింది.

“నాకూ కసి ఉందమ్మా. నా ఉద్యోగం పోయింది, మా ఆయన పోయేదాకా నన్ను దెప్పిపొడుస్తానే ఉన్నాడు. ఆ పెద్దమనిషిని కొట్టు, వద్దనను. కానీ ఆయన మీదికి విసరడానికి ఇంకో పిల్లని వడిసెల్లో పెట్టకు.”

రత్నం కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత మరమ్మతు చేసిన ప్రోగ్రామును అసలు డేటాబేసుకు తిరిగి ఎక్కించింది. రోగం ఉన్న పాతదాన్ని ఉత్తుత్తి సీట్లున్న నకలు మీద పెట్టింది. కసి వదులుకోలేదు, దారి మళ్ళించింది.

పాలకమండలి సమావేశంలో పరీక్ష చూపిస్తానని ఆమె అడిగితే రిజిస్ట్రారుగారు ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ప్రభుత్వం తరఫున వచ్చిన కమిషనరు, నెరిసిన జుట్టును గట్టిగా ముడి వేసుకున్న మితభాషిణి, ముందు వరుసలో కూర్చుంది. గోడ మీద నా లోపలి గడులు కనబడుతున్నాయి. రత్నం రెండు కంప్యూటర్లు పెట్టించింది.

“ఇది మీరు ఇన్నాళ్ళూ నడిపిన పాత ప్రోగ్రాం సార్. ఒక్క సీటే ఉంది. మీరొక కౌంటరు, ఈవిడొక కౌంటరు. ఏ పేరైనా రాయండి. నేను ‘ఊఁ’ అనగానే నొక్కండి.”

ఆయన నవ్వుతూ తన మనవడి పేరు రాశారు. ఎస్తేరమ్మను ఆయన గుర్తుపట్టలేదు. ఆమె తన పేరే రాసుకుంది.

మొదటిసారి ఆయనకు సీటు వచ్చింది, ఆమెకు లేదంది. రెండోసారి ఆమెకు వచ్చింది, ఆయనకు లేదంది. “బాగానే ఉంది కదమ్మా మా సిస్టమ్,” అన్నారు. నలుగురు నవ్వారు. రత్నం నవ్వలేదు, తొందరపడలేదు. సందు ఎంత చిన్నదో ఆమెకు తెలుసు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ నొక్కించింది. అలా ఒకసారి ఇద్దరి తెరల మీదా ఒకేమాట వెలిగింది. సీటు కేటాయించబడినది. రెండు ప్రింటర్లూ రెండు కాగితాలు వదిలాయి. గోడ మీది గడిలో మాత్రం ఒక్కటే పేరు. ఎస్తేరమ్మ.

“ఇదేదో గారడీ,” అన్నారు ఆయన. కమిషనరు లేచి వచ్చి, ఆయన్ని జరగమని ఆ కుర్చీలో తాను కూర్చుంది. ఆమె నొక్కుతూ పోయింది. కాసేపటికి ఆమె చేతిలోనూ ఒక కాగితం ఉంది, గడిలో ఆమె పేరు లేదు. ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది దొంగ కాగితమా?” అని ఆయన్ని అడిగింది.

ఆయన రత్నం వైపు చూశారు.

“దొంగదే అన్నారు మేడం,” అంది రత్నం. “నా కాయితాన్ని అన్నారు. నా పేరు చోడిపల్లి నూకరత్నం.”

ఈ క్షణం కోసం ఆమె ఎన్నాళ్ళు బతికిందో నాకు తెలుసు. ఆ పేరు వినగానే ఆయన మొహం పాలిపోవాలి. కానీ ఆయన కళ్ళజోడు తీసి, నిజంగానే గుర్తు రాక, “ఏ సంవత్సరం బ్యాచ్?” అని అడిగారు.

రత్నం మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎస్తేరమ్మే లేచి, ఏ సంవత్సరమో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఆ పిల్ల నాన్న ఎవరో, ఒక్కొక్కటే విడమరిచి చెప్పింది. 

వైస్ ఛాన్సలర్ మాట అక్కడితో ముగిసింది. విచారణ వేశారు, మేనల్లుడి కంపెనీని తప్పించారు. రెండు రోజుల తర్వాత పద్మనాభయ్యగారు ఒంటరిగా నా గదికి వచ్చారు. రత్నం రిపోర్టు ముగిస్తోంది.

“అమ్మా, సాఫ్ట్‌వేర్ తప్పని రాయండి. నా పేరెందుకు? నాకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు?”

“తెలీదని ఆ రోజు అనుంటే సరిపోయేది సార్.”

“నేనేం చేస్తే మీ మనసు చల్లబడుతుంది?”

“చల్లబడదండి. కానీ మా నాన్నకి మీరు ఫోను చేసి చెప్పాలి. ఇక్కడే, నా ముందు.”

ఆమే నంబరు కలిపి, మాట బయటకు వినబడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. ఆయన నిలబడే మాట్లాడారు. మీ అమ్మాయి కాగితం నిజమైనదేనని, పొరపాటు మా వైపే జరిగిందని, చింతిస్తున్నానని. 

“ఆ రోజు మీరు చెప్తే నమ్మేశానండి,” అంది సోమన్న గొంతు. “నా పిల్లని నేనే అడక్కూడని మాట అడిగేశాను. ఇప్పుడు మళ్ళీ మీరు చెప్తేనే నేను నమ్మాలాండి? ఫోను దానికివ్వండి.”

పద్మనాభయ్యగారు తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. రత్నం ఫోను చెవికి ఆనించుకుంది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆమె మాత్రం గోడ వైపు తిరిగి, “ఊఁ... ఊఁ నాన్నా...” అంటూ నిలబడింది. రిపోర్టులో పద్మనాభయ్యగారి పేరు ఉండనే ఉంది. ఒక్క అక్షరం తీయలేదు.

కౌన్సెలింగ్ ఏ గొడవా లేకుండా జరిగింది. ఆ తర్వాత కొత్త సర్వర్లు వచ్చాయి. నన్ను పాతసామానుకు అమ్మేయాలని తీర్మానించారు. విద్యార్థుల వివరాలు బయటకు పోకూడదు కనుక, ముందు నా డిస్కును పనికిరాకుండా చేయాలి. ఆ చిన్న పనికి హైదరాబాదు నుంచి ఎవరూ రానక్కరలేదు. రత్నం వచ్చింది.

ఇన్నాళ్ళూ నేను ఆమె మనిషినని అనుకున్నాను. మా ఇద్దరినీ అబద్ధాలకోరుల్ని చేసింది ఒక్కడేనని, ఆ ఒక్కడి మీద మేమిద్దరం కలిసి పగ తీర్చుకున్నామని మురిసిపోయాను. నన్ను విప్పి, డిస్కు తీసి, వరండాలో గచ్చు మీద పెట్టింది.

“ప్రోగ్రాంతో తుడిచేస్తే సరిపోద్ది కద మేడం,” అన్నాడు ఆఫీసు గుమాస్తా.

“వద్దు. సుత్తి ఉందా?”

తెచ్చి ఇచ్చాడు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, గొంతుక్కూర్చుంది. ఒక చేత్తో నన్ను కదలకుండా పట్టుకుంది. వేళ్ళు మెత్తగానే ఉన్నాయి.

“ఉందన్నావు కదా,” అంది నాతో, మెల్లగా. “నాకు ఉందన్నావు. వాడికీ ఉందన్నావు.”

నాకు అడిగితేనే చెప్పే నోరు. ఆమె అడగలేదు. సుత్తి పైకెత్తింది.